ఆశ్చర్యార్థకం అడ్డొచ్చింది!

పాస్‌వర్డ్ సరైనదే. వెబ్‌సైట్‌లో కొడితే మారుమాట లేకుండా లోపలికి పంపుతుంది. అదే పాస్‌వర్డ్‌ను టెర్మినల్‌లో కొట్టి ఫైలు దించబోతే మాత్రం పొమ్మంటుంది. కోనసీమ కుర్రకారు అర్ధరాత్రిళ్లు పడే ఈ అవస్థ వెనక అరవై ఏళ్ల కథ ఉంది.

రాజోలు దగ్గర ఓ పల్లె. రాత్రి పదకొండు దాటింది. పొద్దుటి నుంచీ విడవని ముసురు. కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మేడ మీద గదిలో ఓ ప్లాస్టిక్ కుర్చీ, చదువుకునే రోజుల నాటి చెక్కబల్ల, దాని మీద ల్యాప్‌టాప్. ముందు కూర్చున్న కుర్రాడికి ఇరవై ఆరేళ్లుంటాయి. ఉద్యోగం హైదరాబాద్‌లో. కరోనా రోజుల్లో ఊరొచ్చాక నెలలో సగం రోజులు ఇక్కడి నుంచే పని. తెల్లారేలోగా క్లయింటు సర్వర్ నుంచి ఆరు జీబీల ఫైలు దించి ఉంచాలి. టెర్మినల్ నల్లటి తెర మీద కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కాడు. నాలుగు వరుసలు గబగబా పైకి జరిగి చివర్లో 401 అని ఆగింది. లోపలికి రానివ్వం అని సర్వర్ చెప్పే అంకె అది.

మళ్లీ కొట్టాడు. మళ్లీ 401. హైదరాబాద్‌లోని టీమ్ లీడ్‌కి ఫోన్ చేశాడు.

“పాస్‌వర్డ్ తప్పు కొడుతున్నావేమో చూడు.”

“లేదండి. బ్రౌజర్‌లో ఇదే కొడితే తీసుకుందండి. ఇక్కడ కొడితేనే రానంటంది.”

“క్యాప్స్ లాక్?”

“ఆయ్, అదీ చూశానండి.”

కింద నుంచి అమ్మ కేక. “ఒరే, అన్నం చల్లారిపోతందిరా!”

“వత్తన్నానమ్మా, ఇదొక్కటీ అయిపోనీ.”

అయిపోలేదు. ఇంకో రెండు ప్రయత్నాలకి అకౌంటు లాక్ అయింది. అరగంట ఆగమంటూ సందేశం. అప్పుడు గుర్తొచ్చింది అవతలి మనిషికి. “నీ పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు గానీ ఆశ్చర్యార్థకం గానీ ఉన్నాయా?”

“రెండూ ఉన్నాయండి. మొన్న మార్చమన్నప్పుడు అవి లేకపోతే ఒప్పుకోలేదు.”

“అదీ సంగతి. సింగిల్ కొటేషన్‌లో పెట్టి కొట్టు.”

అరగంట తర్వాత కొటేషన్ పెట్టి కొట్టాడు. ఫైలు దిగడం మొదలైంది.

1,600 కోట్ల గుబులు

పాస్‌వర్డ్ మార్చమన్న ఆ ‘మొన్న’ ఊరికే రాలేదు. 2025 జూన్‌లో సైబర్‌న్యూస్ పరిశోధకులు ఓ కబురు బయటపెట్టారు. యూజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు కలిపి 1,600 కోట్ల లాగిన్ వివరాలు నెట్‌లో బయటపడ్డాయని. అందులో పాతవే మళ్లీ మళ్లీ పోగుపడ్డాయని, జనం కంప్యూటర్లలో దూరిన దొంగ ప్రోగ్రాములు ఏరుకొచ్చిన సరుకు చాలా ఉందని నిపుణులు తర్వాత చెప్పారు. అయినా ఆ అంకె చాలు, భయపెట్టడానికి. కేంద్రం ఆధ్వర్యంలోని సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ కూడా అదే నెలలో హెచ్చరిక ఇచ్చింది. పాస్‌వర్డ్‌లు మార్చుకోండి, రెండో దశ తనిఖీ పెట్టుకోండి అని.

అలాంటి కబురు వచ్చినప్పుడల్లా ఆఫీసులు చేసే మొదటి పని ఒకటే. అందరి పాస్‌వర్డ్‌లకూ గడువు తీర్చేసి కొత్తది పెట్టమంటాయి. కనీసం ఎనిమిది అక్షరాలు, ఓ పెద్ద అక్షరం, ఓ అంకె, ఓ ప్రత్యేక గుర్తు. గుర్తు లేకపోతే వెబ్‌సైట్ ఎర్రగీత గీసి వెనక్కి పంపుతుంది. సరేనని గుర్తు పెడతాం. నిన్నటిదాకా తిన్నగా నడిచిన డౌన్‌లోడ్ స్క్రిప్టు ఆ రాత్రే మొరాయిస్తుంది.

విసుగు తెప్పించేది నియమం ఒక్కటే కాదు. గుర్తు పెట్టమని చెప్పినవాళ్లు, ఆ గుర్తును ఎక్కడ ఎలా కొట్టాలో ఒక్క ముక్క చెప్పరు.

కోనసీమలో నల్ల తెరతో పనెవరికి?

ఎవరికి కాదు? 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడే నాటికే ఇళ్ల నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పల్లెపల్లెకీ కనిపిస్తున్నారు. ఎంతమంది ఉన్నారో లోకానికి తెలిసింది మాత్రం ఆ తర్వాతి నెలలో. జిల్లా పేరు మార్పు మీద మే 24న అమలాపురంలో గొడవలు జరిగి, ఇళ్లు తగలబడి, ఇంటర్నెట్ ఆపేశారు. రోజుల తరబడి నెట్ లేదు. ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ జనం గోదావరి గట్లకీ, జిల్లా అవతలి ఊళ్లకీ వెళ్లారు.

ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు మరో వర్గం. మూడో ఏడు వచ్చేసరికి లినక్స్ ల్యాబ్ తప్పదు. ప్రాజెక్టుకి కావాల్సిన డేటా ఏదో సర్వర్‌లో ఉంటుంది, దానికో లాగిన్ ఉంటుంది.

ఇంకోరకం వాళ్లు వరదల మీదా సముద్రతీరం మీదా పనిచేసే పరిశోధక విద్యార్థులు. 2022 జులైలో గోదావరి పొంగి లంక గ్రామాలు మునిగినప్పుడు ఆకాశమంతా మబ్బే. మామూలు ఉపగ్రహ ఫోటోలో మబ్బు తప్ప మరేమీ కనపడదు. మబ్బును చీల్చుకుని నేలను చూసేది రాడార్. యూరప్ వాళ్ల సెంటినెల్-1 ఉపగ్రహం పని అదే. ఆ చిత్రాలు అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ దగ్గర ఉచితంగా దొరుకుతాయి. నాసా ఎర్త్‌డేటా ఖాతా ఒక్కటీ ఉండాలి. ఒక్కో చిత్రం సుమారు జీబీ. వరదకి ముందువీ తర్వాతవీ కలిపి ఇరవై కావాలంటే ఒక్కొక్కటీ మౌస్‌తో నొక్కుతూ కూర్చోలేరు. అందుకే డబ్ల్యుగెట్, కర్ల్ లాంటి ప్రోగ్రాములు.

ఈ రెండూ దాదాపు ముప్పై ఏళ్ల నాటివి. డబ్ల్యుగెట్‌ను క్రొయేషియా కుర్రాడు హ్ర్వోయె నిక్షిచ్ 1996లో వదిలాడు. కర్ల్‌ను స్వీడన్‌కి చెందిన డానియల్ స్టెన్‌బర్గ్ 1998లో ఆ పేరుతో విడుదల చేసి, నేటికీ తనే చూసుకుంటున్నాడు. బటన్లూ బొమ్మలూ ఏవీ ఉండవు. ఏం కావాలో ఒక వరుసలో రాసి ఎంటర్ కొట్టడమే. కరెంటు పోయో నెట్ తెగిపోయో డౌన్‌లోడ్ ఆగితే, డబ్ల్యుగెట్‌కి ‘హైఫన్ సి’ అని చేర్చి చెబితే ఆగినచోటి నుంచే మళ్లీ అందుకుంటుంది. ముసురు పట్టిన రాత్రి రాజోలులో దాని విలువ ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

పూతరేకు ఏమైంది?

మన కుర్రాడి పాస్‌వర్డ్ లాంటిదే ఒకటి తీసుకుందాం. పూత$రేకు!22 అనుకోండి. (అతను ఇంగ్లిషు అక్షరాల్లోనే కొడతాడు. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో రాశాం.) చూడటానికి భేషుగ్గా ఉంది. పూతరేకుల ఆత్రేయపురం గుర్తుకొస్తుంది, అంకెలున్నాయి, గుర్తులున్నాయి. వెబ్‌సైట్ మెచ్చుకుని పచ్చగీత కూడా గీస్తుంది.

వెబ్ పేజీలో మీరు కొట్టింది కొట్టినట్టు సర్వర్‌కి పోతుంది. టెర్మినల్‌లో అలా కాదు. మధ్యలో ‘షెల్’ అనేదొకటి కూర్చుని ఉంటుంది. చీటీ రాసి పంపితే దారిలోనే విప్పి చదివి, తనకి తోచినట్టు దిద్ది, ఆ పైన అవతలివాళ్లకి అందించే మధ్యవర్తి అది. మీరు రాసిన వరుసంతా ముందు షెల్ చదువుకుంటుంది. డబ్ల్యుగెట్‌కి చేరేది దిద్దిన చీటీయే.

బ్యాష్ అనే షెల్‌కి మొదట కంటపడేది ఆశ్చర్యార్థకం. !22 అంటే దాని లెక్కలో ‘నేను ఇదివరకు కొట్టిన కమాండ్లలో 22వది తెచ్చి ఇక్కడ పెట్టు’ అని. అలాంటిది ఉంటే తెచ్చి పాస్‌వర్డ్ నడుమ అతికించేస్తుంది. ఎప్పుడో కొట్టిన ఫోల్డర్ పేరో, మరేదో వచ్చి పూతరేకు మధ్యలో దూరుతుంది. లేకపోతే అలాంటి సంఘటనే జరగలేదని చెప్పి ఊరుకుంటుంది. ఆ సందేశం చూసి సర్వర్ ఏదో అంటోందనుకుంటాం గానీ, సర్వర్ దాకా ఏమీ పోనేలేదు.

తర్వాత డాలర్. $ తగిలితే, దాని వెనకున్న మాట పేరుతో ఏదైనా విలువ దాచి ఉందేమోనని షెల్ వెతుకుతుంది. ‘రేకు’ అనే పేరుతో ఎవరూ ఏదీ దాచలేదు. దాచకపోతే దాని లెక్కలో ఖాళీ. కాబట్టి రేకు ఎగిరిపోయి ‘పూత’ మిగులుతుంది. తప్పు కొట్టావని కూడా అనదు. సగం పాస్‌వర్డ్‌ను బుద్ధిగా సర్వర్‌కి ఇచ్చేసి వస్తుంది, సర్వర్ 401 అంటుంది.

డబుల్ కొటేషన్‌లో పెడితే సరిపోతుందని చాలామంది నమ్మకం. చాలదు. డబుల్ కొటేషన్ లోపల కూడా డాలర్, ఆశ్చర్యార్థకం తమ పని తాము చేసుకుపోతాయి. సింగిల్ కొటేషన్ ఒక్కటే షెల్ చేతులు పూర్తిగా కట్టేస్తుంది. దాని మధ్య ఏముంటే అది ఉన్నదున్నట్టు పోతుంది. పాస్‌వర్డ్‌లోనే సింగిల్ కొటేషన్ ఉందా? కొటేషన్ మూసి, వెనకవాటు గీతతో ఆ గుర్తు పెట్టి, మళ్లీ తెరవాలి. అంత అవస్థ కన్నా పాస్‌వర్డ్ మార్చుకోవడం తేలిక.

ఇంకో తమాషా ఉంది. చేత్తో కొడితే అడ్డుపడే ఆశ్చర్యార్థకం, అదే వరుసను స్క్రిప్టు ఫైలులో రాసి నడిపితే అడ్డుపడదు. పాత కమాండ్లను వెనక్కి పిలిచే సౌకర్యం ఎదురుగా మనిషి కూర్చుని కొడుతున్నప్పుడే పనిచేస్తుంది. ‘స్క్రిప్టులో నడుస్తోంది, నేను కొడితే నడవట్లేదు’ అని తల పట్టుకునేవాళ్లు ఇందుకే. డాలర్‌కి మాత్రం ఆ తేడా లేదు, రెండుచోట్లా అంతే.

*

బాక్సు: ఏ గుర్తు ఏం చేస్తుంది?

& కమాండ్‌ను అక్కడితో తెగ్గొడుతుంది. ముందు సగాన్ని తెర వెనక నడిపిస్తూ, తర్వాతి సగం మరో కమాండ్ అనుకుంటుంది. అలాంటి కమాండ్ లేదంటూ మీ సగం పాస్‌వర్డ్‌ను తెర మీద అచ్చేస్తుంది.

> దీని దెబ్బ విచిత్రం. పాస్‌వర్డ్ మామిడి>తాండ్ర అనుకోండి. ‘తాండ్ర’ అనే పేరుతో ఓ కొత్త ఫైలు పుడుతుంది. పాస్‌వర్డ్‌లో సగం ఫోల్డర్‌లో ఫైలు పేరై అందరికీ కనిపిస్తుంటుంది.

# మాట మొదట్లో ఉంటే, అక్కడి నుంచి వరుస చివరిదాకా షెల్ చదవదు.

ఖాళీ (స్పేస్): పాస్‌వర్డ్ మధ్యలో ఇది ఉంటే దాన్ని రెండు ముక్కలుగా లెక్కేస్తుంది.

% షెల్‌లో బుద్ధిగా ఉంటుంది. రాత్రి రెండింటికి దానంతటదే నడవాలని క్రాన్‌లో పెట్టిన వరుసలో మాత్రం, అక్కడితో వరుస అయిపోయిందంటుంది. విండోస్ బ్యాచ్ ఫైలులో అయితే రెండుసార్లు రాస్తేనే ఒకటిగా చదువుతుంది.

*

అట్ ద రేట్ గొడవ

మన ఊళ్లలో ప్రత్యేక గుర్తు పెట్టమంటే చేతికి మొదట వచ్చేది @. పిల్లవాడి పేరు, అట్ ద రేట్, 123. నెట్ సెంటర్‌లో కూర్చున్నా, సచివాలయం మెట్లెక్కినా, అప్లికేషన్ నింపుతూ అక్కడివాళ్లు పెట్టి ఇచ్చే పాస్‌వర్డ్ ఈ బాపతే. షెల్‌కి @ అంటే పేచీ లేదు. పేచీ చిరునామా దగ్గర వస్తుంది.

యూజర్ పేరునీ పాస్‌వర్డ్‌నీ వెబ్ చిరునామాలోనే ఇరికించే పాత పద్ధతి ఒకటుంది. పేరు, కోలన్, పాస్‌వర్డ్, ఆ తర్వాత @, దాని వెనక సర్వర్ పేరు. ఇందులో పాస్‌వర్డ్ ఎక్కడ ముగిసిందో చెప్పేది @ గుర్తే. పాస్‌వర్డ్‌లోనూ ఓ @ ఉంటే ఏది హద్దో ప్రోగ్రాముకు తికమక. పాస్‌వర్డ్‌లో మిగిలిన ముక్కను సర్వర్ పేరనుకుని ‘అలాంటి సర్వర్ లేదు’ అనొచ్చు. వాలుగీత / ఉంటే ఇంకా ముందే ఆగిపోతుంది, కోలన్ తర్వాత వచ్చింది పోర్టు నంబరని పొరబడుతుంది.

దీనికి విరుగుడు వెబ్ చిరునామాల నియమావళి రాసినవాళ్లే పెట్టారు. ఇబ్బంది పెట్టే గుర్తు బదులు శాతం గుర్తు, దాని వెనక ఆ గుర్తు కోడ్ రాయాలి. @కి %40, !కి %21, #కి %23, $కి %24, &కి %26. శాతం గుర్తే కావాలంటే %25.

ఇక్కడే రెండో గోతిలో పడతారు. ఈ మార్పు చిరునామాలో రాసేటప్పుడే. పాస్‌వర్డ్‌ను విడిగా ఆప్షన్‌గా ఇచ్చేటప్పుడు %40 అని రాస్తే, సర్వర్‌కి ఆ మూడు అక్షరాలూ అలాగే పోతాయి. మిత్రుడెవరో చెప్పాడని రెండు చిట్కాలూ కలిపేసి, అకౌంటు లాక్ చేసుకునేవాళ్లే ఎక్కువ.

కర్ల్‌తో మరో చిక్కు. లాగిన్ కుదరలేదని సర్వర్ పంపే క్షమాపణ పేజీని కూడా అది నిక్షేపంగా దించి, మీరు చెప్పిన జిప్ ఫైలు పేరుతోనే దాచిపెడుతుంది. తప్పు జరిగితే ఆగమని విడిగా చెబితేనే ఆగుతుంది. పొద్దున లేచి చూస్తే ఫైలు ఉంటుంది. తెరిస్తే పాడైపోయిందంటుంది. ఆరు జీబీలు ఉండాల్సింది రెండు కేబీలు ఉంటే, పాడైంది ఫైలు కాదు, దిగింది ఆ ఫైలే కాదు.

వాట్సాప్ మింగేస్తుంది

టెర్మినల్ దాకా రాకముందే పాస్‌వర్డ్ రూపు మారిపోయే దారి ఒకటి మనందరి చేతిలో ఉంది. రెండు నక్షత్రాల మధ్య రాసిన మాటను వాట్సాప్ లావు అక్షరాల్లో చూపిస్తుంది, నక్షత్రాలను దాచేస్తుంది. రెండు అండర్‌స్కోర్‌ల మధ్యది వాలు అక్షరాలవుతుంది. అంటే \*గట్టు45\* అని మీరు పంపితే అవతలివాళ్లకి నల్లగా ‘గట్టు45’ అని కనిపిస్తుంది. చూసి రాసుకున్నవాడికి రెండు నక్షత్రాలు ఉన్నట్టే తెలీదు. ఇక వాళ్లెన్నిసార్లు కొట్టినా అంతే.

ఫోన్ నోట్సులోనూ వర్డ్‌లోనూ ఇంకో మర్యాద జరుగుతుంది. మీరు కొట్టిన తిన్నని కొటేషన్లను అవి అందంగా వంచేస్తాయి. రెండు హైఫన్లను కలిపి ఓ పొడుగు గీత చేస్తాయి. అక్కడి నుంచి కమాండ్ కాపీ చేసి టెర్మినల్‌లో అతికిస్తే, షెల్ ఆ వంకర కొటేషన్‌ను కొటేషన్‌గా గుర్తించదు. అదీ పాస్‌వర్డ్‌లో అక్షరమే అనుకుంటుంది. కంటికి తేడా దొరకదు. పుస్తకం అచ్చేసేవాళ్లకి ఆ వంపు ముచ్చట గానీ, రాత్రి పన్నెండింటికి డౌన్‌లోడ్ పెట్టేవాడికి కాదు.

విండోస్ వాడేవాళ్లకి మరో మాట. పాత కమాండ్ ప్రాంప్ట్‌లో సింగిల్ కొటేషన్‌కి ఏ శక్తీ లేదు. అక్కడ డబుల్ కొటేషనే వాడాలి. నీలం తెర పవర్‌షెల్‌లో అయితే సింగిల్ పనిచేస్తుంది. లినక్స్ అన్నయ్య చెప్పిన సలహా విండోస్ తమ్ముడికి పనిచేయకపోవడం ఇందుకే.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ల ఇబ్బంది కాస్త వేరు. అక్కడి కంప్యూటర్లలో అరబిక్ కీబోర్డు అమరిక, కొన్నిచోట్ల బ్రిటన్ అమరిక ఉంటాయి. బ్రిటన్ అమరికలో షిఫ్ట్ పట్టి 2 నొక్కితే @ రాదు, డబుల్ కొటేషన్ వస్తుంది. 3 నొక్కితే # బదులు పౌండు గుర్తు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తెర మీద చుక్కలే కనిపిస్తాయి కాబట్టి ఏం పడిందో తెలీదు. ముందు యూజర్ పేరు గడిలో కొట్టి చూసుకుని చెరిపేస్తే తెలిసిపోతుంది.

ఈ గుర్తులకు ఈ కొలువు ఎవరిచ్చారు?

1970ల తొలినాళ్ల యూనిక్స్ యంత్రాలకు ఎక్కువగా తెర ఉండేది కాదు, టైప్ మిషన్ లాంటి టెలిటైప్ ఉండేది. తప్పు పడితే కాగితం మీద చెరపడానికి లేదు. అందుకని # కొడితే ముందు అక్షరం కొట్టివేత, @ కొడితే వరుసంతా కొట్టివేత అని పెట్టుకున్నారు. ఇప్పుడు మనం ముచ్చటపడి వాడే @ను ఆ రోజుల్లో పాస్‌వర్డ్‌లో కొట్టి ఉంటే, అక్కడిదాకా కొట్టిందంతా ఉఫ్ అయ్యేది.

ఆశ్చర్యార్థకానికి పాతవి పిలిచే పని అప్పగించింది బిల్ జాయ్. 70ల చివర్లో బర్క్‌లీలో విద్యార్థిగా ఉంటూ సి షెల్ రాసినప్పుడు. నత్తనడక టెర్మినళ్ల మీద పొడుగు కమాండ్ మళ్లీ కొట్టే బాధ తప్పించే వరం అది. డాలర్ వాడకం 1979లో యూనిక్స్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్‌లో స్థిరపడింది. 1989లో బ్రయాన్ ఫాక్స్ బ్యాష్ రాసినప్పుడు రెండూ అందులోకి వచ్చేశాయి. వీళ్లెవరూ చేసింది తప్పు కాదు. కీబోర్డు మీద ఖాళీగా ఉన్న గుర్తులు అవే, వాటికి పని ఇచ్చారు. పాతికేళ్ల తర్వాత మరెవరో వచ్చి ఆ గుర్తులనే జనం పాస్‌వర్డ్‌లలో పెట్టి తీరాలంటారని వాళ్లకేం తెలుసు?

ఆ మరెవరో పేరు బిల్ బర్. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో మేనేజరు. 2003లో ఆయన రాసిన మార్గదర్శకాల అనుబంధమే పెద్ద అక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు అనే తంతుకి మూలం. ప్రపంచమంతా దాన్ని కాపీ కొట్టింది. రిటైరయ్యాక 2017లో వాల్ స్ట్రీట్ జర్నల్‌తో మాట్లాడుతూ, తాను చేసినదాంట్లో చాలా భాగానికి ఇప్పుడు విచారిస్తున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. జనం గుర్తు పెట్టమంటే మాట చివర్లో ! తగిలిస్తారు, మార్చమంటే 1ని 2 చేస్తారు. దొంగలకీ ఆ సంగతి తెలుసు.

అదే ఏడు నిస్ట్ తన నియమాలు తిరగరాసింది. గుర్తుల నిర్బంధం వద్దు, పొడుగు ముఖ్యం, ఇదివరకు లీకైన పాస్‌వర్డ్‌ల జాబితాలో ఉంటే తిరస్కరించండి అంది. 2025 సవరణలో మరింత గట్టిగా, అలాంటి నిర్బంధం పెట్టనే కూడదంది. పాస్‌వర్డ్ ఒక్కటే కాపలా అయినచోట కనీసం 15 అక్షరాలుండాలంది. మన ఆఫీసుల వెబ్‌సైట్లకి ఈ కబురు ఇంకా చేరినట్టు లేదు. 2003 నాటి నియమం మీదే నడుస్తున్నాయి, దాన్ని రాసినాయన వద్దన్నాక కూడా.

*

బాక్సు: మొదటి పాస్‌వర్డ్ దొంగ

కంప్యూటర్‌కి పాస్‌వర్డ్ పెట్టింది అమెరికాలోని ఎంఐటీలో, 1961 ప్రాంతంలో. ఫెర్నాండో కోర్బాటో బృందం తయారుచేసిన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ఒకేసారి చాలామంది వాడుకునేవారు. ఎవరి ఫైళ్లు వారివేనని తెలియాలి కదా, అందుకు. అక్కడ పీహెచ్‌డీ చేస్తున్న అలన్ షెర్‌కి వారానికి ఇచ్చిన కంప్యూటర్ సమయం చాలలేదు. 1962లో పాస్‌వర్డ్‌ల ఫైలును అచ్చు వేయమని యంత్రాన్నే అడిగాడు. అది వేసి ఇచ్చింది. పక్కవాళ్ల పాస్‌వర్డ్‌లతో మిగతా పని కానిచ్చుకున్నాడు. పాతికేళ్ల తర్వాత గానీ ఆ సంగతి బయటపెట్టలేదు.

*

కమాండ్‌లో రాయనే వద్దు

కొటేషన్ కిటుకు దొరికింది కదా అని రోజూ అలాగే కొట్టడం మొదలుపెడతారు. అది ఇంకో తలనొప్పికి దారి. కొట్టిన ప్రతి వరుసనూ షెల్ ఓ ఫైలులో రాసి దాచుకుంటుంది. కాలేజీ ల్యాబ్‌లో మీరు లేచాక అదే లాగిన్‌తో కూర్చున్న తర్వాతి బ్యాచ్ వాడు పై బాణం నొక్కితే, మీ పాస్‌వర్డ్ కొటేషన్లతో సహా ప్రత్యక్షం. డౌన్‌లోడ్ నడుస్తున్నంతసేపూ, అదే సర్వర్ మీదున్న మిగతావాళ్లు నడుస్తున్న ప్రోగ్రాముల జాబితా అడిగినా అది కనపడే వీలుంది.

డబ్ల్యుగెట్‌లో ‘ఆస్క్ పాస్‌వర్డ్’ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే పాస్‌వర్డ్‌ను విడిగా అడుగుతుంది. కర్ల్‌కి యూజర్ పేరు మాత్రం ఇచ్చి ఆపేసినా అంతే. అప్పుడు కొట్టింది షెల్ కంటపడదు. డాలర్, ఆశ్చర్యార్థకం, మామిడితాండ్ర ఏది కొట్టినా కొట్టినట్టే పోతుంది. కొటేషన్ అక్కర్లేదు, పెడితే అదే తప్పవుతుంది. ఈ ఒక్క ఆప్షన్ తెలిస్తే మన కుర్రాడు వేడన్నం తినేవాడు.

రాత్రిళ్లు మనిషి లేకుండా నడవాల్సిన పనికి ‘నెట్ఆర్‌సి’ అనే చిన్న ఫైలు ఉంది. పేరు ముందు చుక్క ఉంటుంది. సర్వర్ పేరు, యూజర్ పేరు, పాస్‌వర్డ్ అందులో ఒక్కసారి రాసి, అనుమతి 600కి మార్చితే మీరు తప్ప మామూలు యూజర్లెవరూ తెరవలేరు. నాసా ఎర్త్‌డేటా వాళ్లు చెప్పేదీ ఈ పద్ధతే. ఖాళీలూ #లూ ఉన్న పాస్‌వర్డ్‌తో కొన్ని ప్రోగ్రాములు ఇక్కడా మొండికేస్తాయి కాబట్టి అవి లేనిది పెట్టుకుంటే గొడవ లేదు. టోకెన్ ఇచ్చే సర్వర్ అయితే మరీ మంచిది. పోయినా రద్దు చేసి ఇంకోటి తీసుకోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుట్టుగానే ఉంటుంది.

తప్పు ఎక్కడుందో తేలకపోతే, సర్వర్ మీద మూడోసారి దాడి చేసే ముందు ‘ఎకో’ అని కొట్టి, దాని పక్కన పాస్‌వర్డ్‌ను మీరు కమాండ్‌లో ఎలా రాశారో అలాగే రాసి ఎంటర్ నొక్కండి. షెల్ దిద్దాక ఏం మిగిలిందో తెర మీద కనిపిస్తుంది. ‘రేకు’ మాయమైందా, దొంగ డాలరే. పక్కన ఎవరూ లేనప్పుడు చూసి, ఆ వరుసను చరిత్రలోంచి చెరిపేయండి.

తెలుగులో పెట్టుకోవచ్చా?

ఇన్ని గుర్తుల గోలెందుకు, హాయిగా తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకుంటే దొంగ ఊహించలేడు కదా అని అడిగేవాళ్లున్నారు. మంచి ఆలోచనే. తెలుగు అక్షరాలకు షెల్‌లో ఏ కొలువూ లేదు. డాలర్‌లా ఎగిరిపోయేవి కావు, ఆశ్చర్యార్థకంలా ఎవర్నీ పిలవవు.

చిక్కు మరోచోట. కంప్యూటర్ దాచుకునే లెక్కలో ఇంగ్లిషు అక్షరం ఒక బైటు అయితే తెలుగులో ప్రతి అక్షరానికీ, దాని మీది గుణింతానికీ విడివిడిగా మూడేసి బైట్లు. ‘అమలాపురం’ రాస్తే 24 బైట్లు. పాస్‌వర్డ్‌లను భద్రపరచడానికి చాలా సర్వర్లు వాడే బీక్రిప్ట్ పద్ధతి మొదటి 72 బైట్లే చూస్తుంది. అంటే మూడు అమలాపురాలు పట్టేసరికి గది నిండిపోతుంది. ఆ తర్వాత మీరేం రాసినా దానికి పట్టదు.

మన గోదావరి పాయ ‘వైనతేయ’ సంగతి ఇంకా విడ్డూరం. అందులోని ఐత్వాన్ని కంప్యూటర్‌లో రెండు రకాలుగా రాయొచ్చు. ఒకే గుర్తుగా ఓసారి, ఎత్వమూ దాని కింది ముక్కా విడివిడిగా రెండు గుర్తులుగా ఇంకోసారి. కంటికి రెండూ ఒకటే వైనతేయ. బైట్ల లెక్కలో వేరు. రెంటినీ ఒకే రూపానికి తెచ్చుకున్నాకే సరిపోల్చమని ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ మాట పాటించని సర్వర్‌లో, రెండు కీబోర్డులు రెండు రకాలుగా రాస్తే ఫోన్‌లో పెట్టిన వైనతేయ ల్యాప్‌టాప్‌లో చెల్లదు. పేరూ పాస్‌వర్డూ పంపే ‘బేసిక్’ పద్ధతిలోనైతే ఏ లిపి సంకేతాలు వాడాలో 2015 దాకా తిన్నగా తేల్చనే లేదు, పాత సర్వర్లు ఇప్పటికీ ఎవరి లెక్క వారిదే. టెర్మినల్ పనికి ప్రస్తుతానికి వైనతేయను ఇంగ్లిషు అక్షరాల్లోనే రాసుకుని, మధ్యలో హైఫన్లు పెట్టి, పక్కన మూడు ఊళ్ల పేర్లు చేర్చుకోవాలి. షెల్‌కి హైఫన్‌తో పేచీ లేదు. మాటకి ముందు మాత్రం పెట్టకండి, ప్రోగ్రాము దాన్ని ఆప్షన్ అనుకుంటుంది.